ప్రేమ ఉంది, ఇష్టం తగ్గింది: దగ్గరి బంధాల్లో ఈ రెండిటినీ విడదీసి చూసుకోవడం ఎలా

"అమ్మంటే నాకు ప్రాణం. కానీ ఆవిడతో వరసగా రెండు రోజులు ఒకే ఇంట్లో ఉండలేను." "ఆయనకి ఏమన్నా అయితే తట్టుకోలేను. కానీ నోరు తెరిస్తే చాలు, చిరాకేస్తుంది." "అతను చాలా మంచివాడు, ఎంతసేపైనా మాట్లాడబుద్ధేస్తుంది. పెళ్ళి అనేసరికి మాత్రం మనసు రావట్లేదు."

ఈ ముగ్గురికీ చుట్టూ ఉన్నవాళ్ళు ఇచ్చే సలహా ఒకటే: సర్దుకుపో. కానీ ముగ్గురి సమస్యా ఒకటి కాదు. మొదటి ఇద్దరికీ ప్రేమకు లోటు లేదు, ఇష్టం తగ్గింది. మూడో మనిషికి ఇష్టం నిండుగా ఉంది, ప్రేమ పుట్టలేదు. తగ్గింది ఏదో చూసుకోకుండా చేసే ప్రయత్నాలన్నీ వృథా పోతాయి. ఇంట్లో నెలల తరబడి వెటకారంగా మాట్లాడిన భర్త ఒకరోజు ఖరీదైన కానుక తెచ్చి ఇస్తాడు. ఆమె దాన్ని పక్కన పెట్టి, "నీకు ప్రేమ లేదని నేనెప్పుడన్నాను?" అంటుంది. ఆమె అడుగుతున్నది వేరు, అతను ఇస్తున్నది వేరు.

గీత ఎక్కడుంది

ఈ రెండిటినీ విడివిడిగా కొలవొచ్చని 1970లో జిక్ రూబిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. ఇష్టానికి పదమూడు వాక్యాలు, ప్రేమకు పదమూడు వాక్యాలు రాసి, ప్రేమలో ఉన్న విద్యార్థి జంటల చేత మార్కులు వేయించాడు. ఇష్టం కిందికి వచ్చినవి దాదాపు అన్నీ మన అభిప్రాయానికి సంబంధించినవి: ఈ మనిషి తెలివైనవాడు, ఇతని నిర్ణయం మీద నాకు నమ్మకం ఉంది, నలుగురూ ఇతన్ని గౌరవిస్తారు, మా ఇద్దరి తీరూ ఒకటే. ప్రేమ కిందికి వచ్చినవి మూడు రకాలు. ఆ మనిషి లేకపోతే గడవదనిపించే అనుబంధం. వాళ్ళ మంచిచెడ్డలు నా పూచీ అనుకోవడం. ఇంకెవరికీ చెప్పుకోలేనివి వాళ్ళకి చెప్పుకోగలగడం.

అదే జంటల చేత తమ ప్రాణస్నేహితుల గురించి కూడా మార్కులు వేయించాడు. ఇష్టం విషయంలో ప్రియుడికీ స్నేహితుడికీ పెద్ద తేడా రాలేదు. తమ జోడీకి మగవాళ్ళు 85, ఆడవాళ్ళు 88 దగ్గర వేస్తే, స్నేహితుడికి ఇద్దరూ 80 దగ్గర్లో వేశారు. ప్రేమలో మాత్రం అంతరం బాగా కనపడింది. ప్రేమికుడికి 89 వస్తే, స్నేహితులకు ఆడవాళ్ళు 65, మగవాళ్ళు 55 దగ్గర ఆగారు. ఇంకో సంగతి: ఆడా మగా ఒకరినొకరు ప్రేమించడంలో మార్కులు సరిసమానంగా వచ్చాయి. ఇష్టపడటంలో మాత్రం ఆడవాళ్ళు ఇచ్చినంత మగవాళ్ళు తిరిగి ఇవ్వలేదు. అవతలి మనిషి తెలివినీ నిర్ణయాన్నీ గౌరవించడం దగ్గరే ఆ తేడా వచ్చింది. అప్పటి విద్యార్థుల లెక్క ఇది, అందరికీ అతకదు. కానీ "నన్ను ప్రేమిస్తాడు, నా మాటకి మాత్రం విలువివ్వడు" అనే ఫిర్యాదు వినగానే తోసిపారేయాల్సింది కాదని మాత్రం తెలుస్తుంది.

ఇందులోంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇష్టం అంటే మన అంచనా కాబట్టి, రోజూ కళ్ళకు కనపడేదాన్ని బట్టి అది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ప్రేమ అనుబంధం కాబట్టి అంత తొందరగా కదలదు. అందుకే చాలా ఇళ్ళలో ముందు పోయేది ఇష్టం. కాస్త శ్రద్ధ పెడితే తొందరగా తిరిగొచ్చేదీ అదే.

తేల్చుకునే పద్ధతి

ఒక కాగితం, అరగంట సమయం కావాలి. గొడవ జరిగిన రోజు గానీ, దాని మర్నాడు గానీ కూర్చోకండి. కోపం తీరీతీరనప్పుడు ఇష్టానికి పడే మార్కులన్నీ సున్నాలే. పుట్టినరోజు, ప్రయాణం, శుభకార్యం ఉన్న వారం కూడా వద్దు. ఏ విశేషమూ లేని మామూలు రోజు ఎంచుకోండి. కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు ఇష్టం, కుడివైపు ప్రేమ అని రాయండి. కింది ప్రశ్న ఒక్కోదానికీ సున్నా, ఒకటి, రెండు, ఏదో ఒక మార్కు వేయండి. పక్కన ఈ మధ్య జరిగిన సంఘటన ఒకటి రెండు ముక్కల్లో రాయాలి. సంఘటన గుర్తు రాకపోతే రెండు వేయకూడదు. ఈ నియమం పెట్టకపోతే మనం ఎలా ఉండాలనుకుంటామో దానికి మార్కులు వేసేస్తాం, ఎలా ఉన్నామో దానికి కాదు.

ఇష్టం వైపు:

- పనేమీ లేకుండా వాళ్ళతో ఒక గంట కూర్చోవాలంటే ఆ గంట ఎలా గడుస్తుంది?
- వాళ్ళు చెప్పింది విని నా నిర్ణయం మార్చుకున్న సందర్భం ఈ మధ్య ఉందా?
- వాళ్ళు లేనప్పుడు వాళ్ళ గురించి ఇతరులతో ఏ గొంతుతో మాట్లాడాను?
- ఏ బంధుత్వమూ లేకుండా ఈ మనిషి ఈరోజే పరిచయమైతే మళ్ళీ కలవాలనుకుంటానా?
- వాళ్ళలో నాకు ముచ్చటేసే చిన్న అలవాటు ఒకటి ఇప్పటికిప్పుడు చెప్పగలనా?

ప్రేమ వైపు:

- వాళ్ళకి జబ్బు చేస్తే చూసుకోవడం నా పని అనిపిస్తుందా, ఇంకెవరైనా చూస్తే బాగుణ్ణనిపిస్తుందా?
- నా గుండె జారిన రోజున మొదట వాళ్ళకే చెప్పాలనిపించిందా?
- మరెవరికీ తెలియని నా సంగతి వాళ్ళకి ఒకటైనా తెలుసా?
- నాకు నష్టమైనా వాళ్ళ మేలు కోసం ఈ ఏడాదిలో ఏదైనా చేశానా?
- నెల రోజులు కనపడకపోతే బెంగ పెట్టుకుంటానా?

ఒక్కోవైపు పదికి మార్కులు. వారం ఆగి, పాత కాగితం చూడకుండా మళ్ళీ వేయండి. రెండుసార్లూ ఒకే వైపు, రెండో వైపు కంటే మూడు మార్కులు గానీ అంతకు మించి గానీ తగ్గితే లోటు అక్కడుందని అర్థం. ఇది ప్రయోగశాలలో తేల్చిన కొలత కాదు, ఆలోచనని దారిలో పెట్టే సాధనం మాత్రమే. అసలు సమాచారం మార్కుల్లో కంటే ఎక్కువ, ఏ ప్రశ్న దగ్గర కలం ఆగిందో అక్కడ దొరుకుతుంది.

కాగితం మీద అబద్ధం ఆడగలం గానీ ఆడలేని చోటు ఒకటుంది: ఫోన్ మోగి తెర మీద వాళ్ళ పేరు కనపడిన మొదటి క్షణం. అప్పుడు మన ఒళ్ళేం చేస్తుందో గమనించండి. భుజాలు బిగుసుకుని, ఒక నిట్టూర్పు వచ్చి, "ఇప్పుడేమిటో" అనుకుంటూ ఎత్తితే ఇష్టం అడుగంటుతోందన్నమాట. మోగుతుంటే చూస్తూ ఊరుకుని, తర్వాత "పాపం, ఏదైనా అవసరమేమో" అని మనమే తిరిగి చేస్తే అది ఇష్టం పోయిన ప్రేమ. ఎత్తి గలగలా మాట్లాడి, పెట్టేశాక రెండు వారాలదాకా ఆ మనిషే గుర్తు రాకపోతే అది ప్రేమ లేని ఇష్టం. వారం రోజులు ఇలా గమనిస్తే కాగితం మీద వేసిన మార్కులు నిజమో కాదో తేలిపోతుంది.

లెక్క తప్పించేవి

గుండె దడని ప్రేమగా లెక్కేయడం మొదటి పొరపాటు. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలోని వాంకూవర్ దగ్గర, లోయ మీద ఊగే కపిలానో వేలాడే వంతెన దాటే మగవాళ్ళ దగ్గరికి ఒక యువతిని సర్వే పేరుతో పంపారు. అవసరమైతే ఫోన్ చేయమని ఆమె తన నంబరిచ్చింది. తక్కువ ఎత్తులో కదలకుండా ఉన్న వంతెన దాటినవాళ్ళ కంటే ఊగే వంతెన మీద కలిసినవాళ్ళే ఎక్కువమంది తర్వాత ఆమెకి ఫోన్ చేశారు. భయంతో వచ్చిన దడని ఆకర్షణ అనుకున్నారన్నమాట. రేపు మాట్లాడతాడో మాట్లాడడో, ఉంటుందో వెళ్ళిపోతుందో అని రోజూ నిద్రపట్టనివ్వని బంధంలో కూడా ఇదే జరుగుతుంది. ఆందోళన ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దదనిపిస్తుంది. మనిషి నిలకడగా ఉన్న రెండు వారాల్లో మీ మనసెలా ఉందో, ఆ రోజులకి మాత్రమే మార్కులు వేయండి.

రెండో పొరపాటు జాలి. "నేను లేకపోతే ఏమైపోతాడో" అన్నది పూచీ పడటమే గానీ, మిగతా రెండు భాగాలూ, అంటే మనకు వాళ్ళ మీదున్న ఆధారమూ, మనసు విప్పుకోవడమూ లేకపోతే ప్రేమ వైపు ఒకటి రెండు ప్రశ్నలకే నిండు మార్కులొస్తాయి. మూడోది, ఎదుటి మనిషి నన్ను మెచ్చుకుంటున్నాడన్న ఆనందాన్ని ఆ మనిషి మీద ఇష్టంగా లెక్కేయడం. తేల్చడం తేలిక: వాళ్ళు మీ ఊసెత్తకుండా వాళ్ళ పని గురించి అరగంట చెబితే వినాలనిపిస్తోందా?

ప్రేమ ఉండి ఇష్టం పోయినప్పుడు

ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇక్కడే కాబట్టి ఎక్కువ చెప్పాల్సిందీ ఇక్కడే. ఇష్టం ఒక్కరోజులో పోదు. ముందు మాటలు పనుల్లోకి దిగిపోతాయి: బిల్లు కట్టావా, పిల్లాణ్ణి ఎవరు తెస్తారు, తలుపేశావా. తర్వాత ఒకప్పుడు ముచ్చటేసిన గుణమే చిరాకు పుట్టిస్తుంది. డయాన్ ఫెల్మ్‌లీ అనే సమాజ శాస్త్రవేత్త 1995లో దీన్ని పరిశీలించింది. మొదట్లో నచ్చిన గుణానికీ, తర్వాత విసుగు తెప్పించిన గుణానికీ చాలాసార్లు మూలం ఒకటే. అప్పటి సరదా మనిషి ఇప్పుడు బాధ్యత తెలియనివాడు, అప్పటి గట్టి మనిషి ఇప్పుడు మొండిఘటం. ఆ తర్వాత మనసు సాక్ష్యాలు పోగుచేయడం మొదలుపెడుతుంది. తువ్వాలు మంచం మీద పడి ఉంటే అది తువ్వాలు కాదు, పదిహేనేళ్ళ నిర్లక్ష్యానికి రుజువు.

బాగుచేయడానికి ఈ వరస పాటించండి. ముందుది వదిలేసి వెనకది మొదలుపెడితే పని చేయదు.

ముందు ఈసడింపు ఆపాలి. దంపతుల మాటల్ని దశాబ్దాలపాటు రికార్డు చేసి పరిశీలించిన జాన్ గాట్‌మన్ బంధాన్ని విరిచే నాలుగు అలవాట్లు చెప్పాడు: మనిషి స్వభావాన్నే తప్పుపట్టడం, ఈసడించడం, తన తప్పేమీ లేదని ఎదురు వాదించడం, గోడలా మూగగా కూర్చోవడం. వీటిలో విడాకులకు అన్నిటికంటే గట్టి సూచన ఈసడింపేనని ఆయన తేల్చాడు. కళ్ళు తిప్పడం, పెదవి విరవడం, గొంతు అనుకరించి వెక్కిరించడం, నలుగురిలో "మావాడి తెలివి తెలిసిందేగా" అనడం అన్నీ ఇందులోకే వస్తాయి. మొదటి రెండు వారాలు ఇదొక్కటే పని పెట్టుకోండి. మంచి మాటలేవీ కలపక్కర్లేదు, వెటకారం మాత్రం మానేయండి. నోటిదాకా వచ్చేస్తే అక్కణ్ణించి లేచి నీళ్ళు తాగి రండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా పొగడ్తల్లోకి వెళ్తారు. పొద్దున వెక్కిరించి సాయంత్రం పొగిడితే, పొగడ్త కూడా వెటకారంలాగే వినపడుతుంది.

రెండోది, చిన్న పిలుపులకి పలకడం. "ఇటు చూడు, ఈ పిట్ట ఏం చేస్తోందో" అన్న మాటలో సమాచారమేమీ లేదు, నాతో ఒక్క క్షణం ఉండు అన్న పిలుపు మాత్రమే ఉంది. గాట్‌మన్ కొత్త దంపతుల్ని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చూసినప్పుడు, కలిసున్నవాళ్ళు మొదట్లో ఇలాంటి పిలుపుల్లో నూటికి 86కి పలికినవాళ్ళు, విడిపోయినవాళ్ళు 33కి పలికినవాళ్ళు అని తేలింది. తల తిప్పి చూడటం, "ఊఁ, అవును" అనడం చాలు. ఫోన్‌లోంచి కళ్ళెత్తకుండా అన్న "ఊఁ" లెక్కలోకి రాదు.

మూడోది మంచి కబురు వినే తీరు. దుఃఖంలో తోడుండటం అందరికీ తెలుసు, సంతోషంలో తోడుండటం తెలియదు. షెల్లీ గేబుల్ బృందం 2004లో ఈ విషయాన్ని నాలుగు రకాలుగా విడదీసింది. భార్య ఇంటికొచ్చి "ఈసారి ప్రాజెక్టు నాకే ఇచ్చారు" అందనుకోండి. "ఓ, బాగుంది" అని టీవీ వైపు తిరగడం ఒకటి. "ఇక రాత్రి పదింటిదాకా ఆఫీసేనన్నమాట" అనడం రెండోది. "సరేగానీ, కరెంటు బిల్లు కట్టావా?" అనడం మూడోది. "అబ్బ! ఎవరు చెప్పారు? నువ్వేమన్నావు? ఆ పక్క సీటాయన మొహం ఎలా పెట్టాడు?" అని అడగడం నాలుగోది. ఈ నాలుగో రకం జవాబు ఉన్న జంటల్లోనే దగ్గరితనమూ తృప్తీ ఎక్కువగా కనిపించాయి. ఇక్కడ మెచ్చుకోవడం కంటే అడగడం ముఖ్యం. మూడు ప్రశ్నలు అడిగితే ఆ సంతోషాన్ని వాళ్ళు మీ ముందు మళ్ళీ ఒకసారి అనుభవిస్తారు, ఆ పక్కన మీరుంటారు.

నాలుగోది, ఫిర్యాదు చెప్పే పద్ధతి మార్చుకోవడం. ఫిర్యాదులు మానేయమని కాదు; దాచుకున్న ఫిర్యాదే పులిసి ఈసడింపు అవుతుంది. జరిగింది, నాకు అనిపించింది, నాకు కావలసింది, ఈ మూడూ ఒక్కో వాక్యంలో చెప్పండి. "నువ్వెప్పుడూ ఇంతే, నీకు మనుషులంటే లెక్కలేదు" కాదు. "నిన్న ఏడింటికి వస్తానని తొమ్మిదింటికి వచ్చావు. కంగారుపడ్డాను. ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టు." "ఎప్పుడూ", "ఒక్కసారైనా" అన్న మాటలు రాగానే ఎదుటి మనిషి మీరు చెప్పేది వినడం ఆపి, "పోయిన బుధవారం వచ్చానుగా" అని మినహాయింపులు వెతకడం మొదలుపెడతాడు. మాట వేడెక్కి గుండె నిమిషానికి వందకి పైగా కొట్టుకుంటుంటే ఆ సమయంలో ఏ మంచి వాక్యమూ పనిచేయదు. "ఇరవై నిమిషాల తర్వాత మాట్లాడదాం" అని చెప్పి ఆగండి. ఒంటికి చల్లబడటానికి కనీసం అంత సమయం పడుతుంది. తిరిగి ఎప్పుడో చెప్పకుండా లేచిపోతే అది విరామం కాదు, ముఖం చాటేయడం. ఆ ఇరవై నిమిషాలూ లోపల వాదన నెమరేస్తూ కూర్చున్నా ఫలితముండదు. నడవండి, గిన్నెలు కడగండి.

ఐదోది చివరికి పెట్టడానికి కారణముంది. ఇద్దరికీ కొత్తదైన పని ఏదైనా వారానికి ఒకసారి, గంటన్నర పాటు కలిసి చేయండి. కొత్తగా, కాస్త హుషారు పుట్టించే పనులు కలిసి చేసిన దంపతులు ఒకరితో ఒకరు ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు ఆర్థర్ ఆరన్ బృందం 2000లో చూపించింది. రోజూ చూసే మనిషిని మరో కోణంలో చూడటానికి కొత్త పని వీలిస్తుంది. తడబడటం, నేర్చుకోవడం, పొరపాటు చేసి నవ్వుకోవడం చూస్తే పాత అంచనా కాస్త కదులుతుంది. అయితే ఈసడింపు ఆగకుండా ఈ పని పెట్టుకుంటే, కొత్త చోట పాత గొడవే జరుగుతుంది.

గొడవల్లో కూడా ఒక పాలు చేదుకి అయిదు పాళ్ళు తీపి ఉన్న జంటలే నిలబడ్డాయన్నది గాట్‌మన్ లెక్క. దాన్ని చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాళ్ళున్నారు, అది వద్దు. లెక్క ఎదుటివాళ్ళకి తెలిసిందంటే ప్రతి మంచిమాటకీ అనుమానం అంటుకుంటుంది. "నువ్వంటే నాకు ఇష్టం పోయింది" అని ముఖం మీద చెప్పడం కూడా అలాంటి తప్పే. నిజాయితీ అనుకుని చెప్పే ఆ మాటతో ఎదుటి మనిషి చేయగలిగింది ఏమీ లేదు, మర్చిపోవడమూ వాళ్ళ చేతిలో లేదు. నచ్చని పని ఏదో చెప్పండి. మనిషి మీద తీర్పు మీ కాగితం మీదే ఉండనివ్వండి.

ఒకే ఇంట్లో లేని తల్లిదండ్రులు, తోబుట్టువులు

వీళ్ళ దగ్గర పని వేరుగా ఉంటుంది. దంపతుల్లా రోజూ సాధన చేయడానికి వీలుండదు, చాలాసార్లు అవతలివాళ్ళు మారే వయసూ దాటిపోయి ఉంటుంది. ఇక్కడ మార్చదగ్గది మోతాదు. కలిసినప్పుడు ఎన్నో గంటకి చిరాకు మొదలవుతోందో రెండు మూడుసార్లు గమనించండి. నాలుగో గంటకి అనుకోండి, మూడు గంటలకే లేవండి, కానీ ఎక్కువసార్లు వెళ్ళండి. రెండు రోజులుండి పోట్లాడి రావడం కంటే, మూడేసి గంటలు నాలుగుసార్లు వెళ్ళి నవ్వుతూ రావడం మేలు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే తీర్పులూ సలహాలూ వస్తాయి. పక్కపక్కన ఉండి చేసే పని పెట్టుకోండి: పాత ఫోటోలు సర్దడం, మొక్కలకి పాదులు తీయడం, కలిసి నడవడం. వాళ్ళ బాల్యం గురించి అడగండి. మన తల్లి కాకముందు ఆవిడ ఎవరో తెలిస్తే, తల్లిగా నచ్చని మనిషి మనిషిగా నచ్చే అవకాశం ఉంది.

పిల్లల దగ్గర

ప్రేమించే పిల్లల్ని ఇష్టపడకపోవడం పెద్దలు నోరెత్తి ఒప్పుకోని విషయం. పిల్లలకి మాత్రం తెలిసిపోతుంది. ముఖ్యంగా పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో "మా నాన్నకి నేనంటే ప్రేమే, కానీ నేను నచ్చను" అని తేల్చేసుకుంటారు, దాన్ని పైకి అనరు. ఫీజులు కట్టడం, జ్వరమొస్తే రాత్రంతా మేలుకోవడం వల్ల ఆ అభిప్రాయం మారదు, అవన్నీ ప్రేమ ఖాతాలోకే పోతాయి. ఇష్టం ఖాతాలోకి వెళ్ళేవి వేరు. వాళ్ళ జోకుకి నవ్వడం, "ఈ రెండిట్లో ఏది బాగుందంటావ్?" అని నిజంగా వాళ్ళ సలహా అడిగి పాటించడం, గదిలోకి రాగానే మన ముఖం విప్పారడం. రోజుకి పావుగంట వాళ్ళు చెప్పిన ఆట, వాళ్ళ నియమాల ప్రకారం ఆడండి. ఆ పావుగంటలో నేర్పడం, సరిదిద్దడం, చదువు గురించి అడగడం మూడూ నిషేధం. మొదటి వారం పెద్దవాళ్ళకి ఇది ఎంత కష్టమో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నాలుగో నిమిషానికే సలహా నాలుక చివర ఉంటుంది.

ఇష్టం ఉండి ప్రేమ లేనప్పుడు

స్నేహంలో ఇది సమస్యే కాదు, అలా ఉండటమే దానికి అందం. పెళ్ళి ప్రస్తావన వచ్చినప్పుడో, పెళ్ళయ్యాక తెలిసినప్పుడో చిక్కు. రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ 1986లో ప్రేమకి మూడు కోణాలు చెప్పాడు: దగ్గరితనం, మోహం, కట్టుబాటు. ఆయన లెక్కలో ఒక్క దగ్గరితనమే ఉండి మిగతా రెండూ లేకపోతే అది ఇష్టం. కాబట్టి మీ దగ్గర లేనిది ఏదో ముందు చూసుకోండి. దగ్గరితనం ప్రయత్నిస్తే లోతవుతుంది. రోజూ మాట్లాడే విషయాల కంటే ఒక్క మెట్టు లోపలి సంగతి చెప్పండి, వాళ్ళు అదే లోతుకి వచ్చాక ఇంకో మెట్టు దిగండి. 1997లో ఆరన్ బృందం ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత ఇలా లోతు పెంచుకుంటూ పోయే 36 ప్రశ్నలు ఒకరినొకరు అడిగించినప్పుడు, ముప్పావుగంటలోనే చెప్పుకోదగ్గ దగ్గరితనం పుట్టింది. ఒకేసారి అంతా కుమ్మరిస్తే మాత్రం ఎదుటివాళ్ళు వెనక్కి జరుగుతారు. సాయం చేయడమే కాదు, అడగడమూ అలవాటు చేసుకోండి; ఎవరి మీదా ఆధారపడని మనిషికి అనుబంధం పెరగడానికి చోటుండదు.

మోహం సంగతి అలా కాదు. అది ప్రయత్నంతో పెరిగిన సందర్భాలున్నాయి గానీ, పుట్టని చోట పుట్టించడం ఎవరి చేతిలోనూ లేదు. ఆరు నెలలు మనస్ఫూర్తిగా కలిసి మెలిసి తిరిగాక కూడా చేయి తగిలితే ఇబ్బందిగానే ఉంటే, "పెళ్ళయితే అదే వస్తుంది" అన్న మాట మీద బతుకు పందెం కాయకండి.

స్నేహితుడు ప్రేమిస్తున్నానని చెప్పినప్పుడు కాదనడానికీ ఒక పద్ధతుంది. "ఇప్పుడు అలాంటి ఆలోచనలేమీ లేవురా" అంటే అతను "ఇప్పుడు" అన్న మాటే పట్టుకుని ఏడాది ఎదురుచూస్తాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం, నీ స్నేహం నాకు కావాలి. ఆ రకమైన ప్రేమ మాత్రం నాకు లేదు, వస్తుందని కూడా అనుకోవట్లేదు." రెండు వాక్యాలు చాలు. కారణాలు చెప్పకండి, చెప్పిన ప్రతి కారణాన్నీ అతను తీర్చదగ్గ లోపంగా లెక్కేసుకుంటాడు. ఆ తర్వాత నెలో రెండు నెలలో అతను దూరంగా ఉంటే ఉండనివ్వండి. మర్నాటి నుంచే మామూలుగా ఉండమని అడగడం మన సౌకర్యం కోసమే.

ఈ పద్ధతి వాడకూడని చోటు

కొట్టడం, బెదిరించడం, డబ్బూ ఫోనూ లాక్కోవడం, ఎవరితో మాట్లాడాలో శాసించడం ఉన్న బంధంలో ఈ కాగితం తీయకండి. అక్కడ ప్రేమ వైపు పదికి పది రావచ్చు, చాలాసార్లు వస్తుంది కూడా. భయం తర్వాత దొరికే ఊరట ప్రేమను మరింత బిగిస్తుంది. ఆ మార్కులు చూసి ఉండిపోవడం ప్రమాదం. ముందు క్షేమంగా ఉండే చోటు, నమ్మకస్తుడైన మనిషి, చేతిలో కాసిని డబ్బులు, ముఖ్యమైన కాగితాలు చూసుకోవాలి. తీవ్రమైన దిగులులో ఉన్నప్పుడు కూడా ఇది వద్దు. అప్పుడు ఎవరి మీదా ఇష్టం పుట్టదు, తప్పు వాళ్ళది కాదు.

మళ్ళీ చూసుకోవడం

ఎనిమిది వారాల తర్వాత కొత్త కాగితం తీయండి. అంతకుముందు తీస్తే ఒక మంచి ఆదివారమో, ఒక చెడ్డ సోమవారమో మార్కుల్ని లాగేస్తుంది. మొదట కదిలేది సాధారణంగా మూడో ప్రశ్న, ఇతరులతో వాళ్ళ గురించి మాట్లాడే గొంతు. అది మారితే మిగతావి నెమ్మదిగా వస్తాయి. గొంతు మారింది గానీ పాత గొడవ ఒకటి పదేపదే వస్తోందంటే, నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాలు కూర్చుని, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి ఆ గొడవని ఎలా చూస్తాడో రాయండి. 2013లో ఎలై ఫింకెల్ బృందం 120 జంటలతో దీన్ని పరీక్షించింది. అలా రాసిన జంటల్లో దాంపత్యం మీద తృప్తి ఏడాదిపాటు తగ్గకుండా నిలిచింది, రాయనివాళ్ళలో తగ్గుతూ పోయింది.

ఏ ప్రశ్నా కదలకపోతే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "మా మధ్య సరిగ్గా లేదు" అని మొదలుపెడితే రెండు మూడు సిట్టింగులు కారణం వెతకడానికే పోతాయి. రెండు కాగితాలూ పట్టుకెళ్ళి, కలం ఆగిన ప్రశ్నలూ, పక్కన రాసుకున్న సంఘటనలూ చూపించండి. అవతలి మనిషి రానంటే ఒక్కరే వెళ్ళినా ఉపయోగముంది. ఈసడింపు ఆపడం, పిలుపుకి పలకడం, ఫిర్యాదు మూడు వాక్యాల్లో చెప్పడం, ఇవన్నీ ఒక్కరు మొదలుపెట్టగలిగినవే.